పీపాల పందెపు గుర్రాల స్టాలియన్ ప్రోత్సాహక నిధులు – ఒంగోలు ఆబోతుల పరిరక్షణకు వాటి అన్వయం

సారాంశం

అమెరికాలో పీపాల పందెపు గుర్రాల పెంపకానికి ఊతమిస్తున్న స్టాలియన్ ప్రోత్సాహక నిధుల నిర్మాణాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. పందెంలో గెలిచిన జంతువు యజమానితో పాటు దానిని పుట్టించిన తల్లి యజమానికీ, తండ్రి యజమానికీ బహుమతిలో వాటా దక్కడం ఈ నిధుల ప్రధాన లక్షణం. గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో బండలాగుడు పోటీల ఆధారంగా నిలిచి ఉన్న ఒంగోలు గిత్తల పెంపకానికి ఈ పద్ధతి ఎంతవరకు వర్తిస్తుంది, ఏ మార్పులు అవసరం, ఏ ప్రమాదాలు పొంచి ఉన్నాయి అనే అంశాలు చర్చించబడ్డాయి.

ముఖ్య పదాలు: ఒంగోలు జాతి, ఆబోతు, బండలాగుడు, ప్రోత్సాహక నిధి, సంతాన పరీక్ష, అంతఃప్రజననం.

పరిచయం

ఒంగోలు జాతి పశువుల స్వస్థలం ప్రకాశం, గుంటూరు, నెల్లూరు జిల్లాల నల్లరేగడి నేలలు. 2022లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత పల్నాడు, బాపట్ల జిల్లాలు కూడా ఈ పరిధిలోకి వస్తాయి. బరువైన నేలను దున్నగల బలం, ఎండను తట్టుకొనే శక్తి ఈ జాతికి దేశాంతరాలలో కూడా పేరు తెచ్చాయి. బ్రెజిల్ దేశపు మాంసపు పశుసంపదలో అధిక భాగమైన నెలోర్ జాతికి మూలం ఇక్కడి పశువులే. ఒంగోలు సమీపంలోని కరవది గ్రామం పేరును ధరించిన ఒక ఆబోతు 1960వ దశకం ఆరంభంలో ఆ దేశానికి చేరి, అక్కడి వంశావళులలో ప్రముఖ స్థానం పొందింది.

స్వస్థలంలో పరిస్థితి వేరు. ట్రాక్టరు దుక్కి పనిని తీసుకున్నది. ఎదిగిన పత్తి, మిరప సాళ్ళ మధ్య అంతరకృషికి గుంటక లాగే ఎడ్ల అవసరం కొంత మిగిలినా, అది ఒక జాతిని నిలబెట్టేంత గిరాకీ కాదు. జొన్న విస్తీర్ణాన్ని వాణిజ్య పంటలు ఆక్రమించిన గ్రామాలలో జొన్నచొప్ప కరవై మేత ఖర్చు పెరిగింది. ఒంగోలు ఆవు ఈతకు సగటున సుమారు 800 కిలోల పాలు మాత్రమే ఇస్తుంది కనుక పాల ఆదాయం కోరే రైతు ముర్రా గేదెను గాని, సంకరజాతి ఆవును గాని ఎంచుకుంటున్నాడు. ఈ స్థితిలో మేలైన గిత్తకు ధర పలికించే ముఖ్య కారణం సంక్రాంతికి, మహాశివరాత్రికి, గ్రామ తిరునాళ్ళకు జరిగే బండలాగుడు పోటీలు. అయితే పోటీ సొమ్ము, కీర్తి గిత్తను తోలిన యజమాని వద్దనే ఆగిపోతున్నాయి. ఆవును మేపి దూడను కన్న రైతుకు, ఆబోతును పోషించిన రైతుకు అందులో భాగం లేదు. ఈ లోపాన్ని సవరించే మార్గాలను వెదకినప్పుడు గుర్రపు పందేల రంగంలోని ప్రోత్సాహక నిధులు పరిశీలనకు వస్తాయి.

పీపాల పందెం – ప్రోత్సాహక నిధి

పీపాల పందెంలో రౌతు గుర్రాన్ని మూడు పీపాల చుట్టూ మూడాకుల ఆకారంలో తిప్పి, ఆరంభ రేఖకు తిరిగి తెస్తుంది. ప్రామాణిక కొలతల ప్రకారం మొదటి, రెండవ పీపాల మధ్య 90 అడుగులు, ఆ రెండింటి నుండి మూడవ పీపాకు 105 అడుగుల దూరం ఉంటుంది. పీపా పడిపోతే 5 సెకన్లు అదనంగా కలుపుతారు. పందెమంతా కొద్ది సెకన్లలో ముగుస్తుంది కనుక, మలుపు తిరిగే నేర్పు, వేగం కలిసి ఉన్న వంశాలకు గిరాకీ ఎక్కువ. ఇందులో క్వార్టర్ హార్స్ జాతిదే పైచేయి.

ప్రోత్సాహక నిధి పనితీరులో నాలుగు మెట్లు ఉన్నాయి. మొదటిది, విత్తనపు గుర్రం యజమాని ఏటా రుసుము చెల్లించి తన గుర్రాన్ని నిధిలో నమోదు చేయడం. రెండవది, ఆ సంవత్సరపు దాటులతో పుట్టిన పిల్లలకు అర్హత లభించడం. అనేక నిధులలో పిల్లను కూడా విడిగా నమోదు చేయాలి. పుట్టిన ఏడాదిలో ఈ రుసుము స్వల్పం, వయసు పెరిగిన కొద్దీ అధికం. మూడవది, ఈ రుసుములన్నీ ఒకచోట చేరి బహుమతి నిధిగా మారడం. నాలుగవది, నమోదైన పిల్ల నిర్దేశిత పోటీలో గెలిచినప్పుడు ఆ సొమ్ము పంపిణీ కావడం. పంపిణీ సూత్రం నిధినిబట్టి మారుతుంది. పెద్ద భాగం పోటీలో పాల్గొన్న గుర్రం యజమానికి, చిన్న భాగాలు పిల్లను నమోదు చేసిన పెంపకందారుకు, విత్తనపు గుర్రం యజమానికి చెందడం సాధారణ పద్ధతి. పింక్ బకిల్, రూబీ బకిల్, ఫ్యూచర్ ఫార్చ్యూన్స్ అనేవి ఈ రంగంలో పేరున్న నిధులు.

ఈ ఆలోచనకు విస్తృత రూపం థరోబ్రెడ్ పందేలలోని బ్రీడర్స్ కప్. 1984లో తొలిసారి జరిగిన ఈ పోటీలకు విత్తనపు గుర్రాల యజమానులు ఒక్క దాటుకు వసూలు చేసే రుసుముతో సమానమైన మొత్తాన్ని వార్షిక నమోదుగా చెల్లించే పద్ధతి మూలధనాన్ని సమకూర్చింది. అంటే గిరాకీ ఎక్కువ ఉన్న గుర్రం నిధికి ఎక్కువ చెల్లిస్తుంది, గిరాకీ తక్కువ ఉన్నది తక్కువ చెల్లిస్తుంది. ఈ నియమంలో న్యాయం, సరళత రెండూ ఉన్నాయి.

నమోదైన గుర్రం పిల్లకు సంతలో అదనపు విలువ వస్తుంది, ఎందుకంటే కొనుగోలుదారు పిల్లతో పాటు బహుమతికి పోటీపడే హక్కును కూడా కొంటున్నాడు. కనుక ఆడ గుర్రం యజమాని నమోదైన విత్తనపు గుర్రాన్నే కోరుతాడు. రుసుము చెల్లించిన యజమానికి దాటుల సంఖ్య పెరిగి ఖర్చు తిరిగి వస్తుంది. ప్రభుత్వ నిధి లేకుండా ఈ చక్రం తిరగడమే ఈ పథకాల బలం.

దేశీయ సంప్రదాయంలో పోలిక

ఆబోతు పోషణ భారాన్ని సమాజం పంచుకోవడం తెలుగు గ్రామాలకు కొత్త కాదు. ఇంటి పెద్ద మరణించినప్పుడు మేలైన కోడెదూడకు అచ్చు వేసి దేవుని పేరున వదిలే వృషోత్సర్గ ఆచారం ఒంగోలు ప్రాంతంలో జాతి నాణ్యతను నిలిపిన కారణాలలో ఒకటి. అచ్చోసిన ఆబోతు ఏ చేలో మేసినా అదిలించేవారు గాని కొట్టేవారు కాదు. ప్రతి రైతు తన పంటలో కొంత ఆబోతుకు రుసుముగా చెల్లించినట్లే లెక్క. ప్రతిఫలంగా ఊరి ఆవులన్నింటికీ మేలైన విత్తనం ఉచితంగా లభించింది. పత్తి, మిరప వంటి పెట్టుబడి పంటలు వచ్చిన తరువాత చేలో పడి మేసే ఆబోతును సహించే రైతులు తగ్గారు. ఆచారం సన్నగిల్లినా దాని స్థానంలో మరొక పంపకపు ఏర్పాటు రాలేదు. కృత్రిమ గర్భధారణ విత్తనాన్ని అందించింది గాని, మేలైన కోడెదూడను కన్న రైతుకు ప్రతిఫలం అందించే పనిని చేపట్టలేదు.

అన్వయంలో ఒక ఉదాహరణ

నిధి లెక్క స్పష్టపడటానికి ఊహాత్మక ఉదాహరణ ఒకటి తీసుకోవచ్చు. 40 ఆబోతులు ఒక్కొక్కటికి ఏటా రూ. 5,000 చొప్పున, 600 దూడలు ఒక్కొక్కటికి రూ. 300 చొప్పున నమోదైతే వసూలు వరుసగా రూ. 2,00,000, రూ. 1,80,000, మొత్తం రూ. 3,80,000. నిర్వహణకు 10 శాతం తీసివేయగా రూ. 3,42,000 మిగులుతుంది. దీనిని కింది విధంగా పంచవచ్చు.

గిత్త యజమానికి 60 శాతం – రూ. 2,05,200
దూడను కన్న ఆవు యజమానికి 20 శాతం – రూ. 68,400
ఆబోతు యజమానికి 15 శాతం – రూ. 51,300
విజేతల పితృత్వ నిర్ధారణకు 5 శాతం – రూ. 17,100

ఇందులో కీలకమైనది రెండవ వాటా. ఆవు యజమాని దూడను పసితనంలోనే అమ్ముకుంటాడు. ఆ గిత్త కొన్నేళ్ళ తరువాత లక్షల రూపాయల ధర పలికినా అతనికి చేరేది ఏమీ ఉండదు. వాటా పత్రం అతని పేరున నిలిస్తే, మేలైన ఆవును కబేళాకు గాని, సంకరానికి గాని పోనీయకుండా ఉంచుకోవడానికి ఒక కారణం ఏర్పడుతుంది.

అయితే కాలవ్యవధిని రైతులకు ముందే తెలియజేయాలి. చూడి కాలం తొమ్మిదిన్నర నెలలు. గిత్తకు రెండు పళ్ళు రావడానికి రెండు నుండి రెండున్నర ఏళ్ళు, కడపళ్ళు వేసి నోరు నిండటానికి నాలుగున్నర నుండి ఐదేళ్ళు పడుతుంది. నేడు వేసిన వీర్యానికి పెద్ద విభాగంలో ఫలితం తెలిసేది ఐదేళ్ళు దాటిన తరువాతనే. కనుక వసూలైన సొమ్ము అంతకాలం భద్రంగా ఉండే ఏర్పాటు, నిధి ఆగిపోతే తిరిగి చెల్లించే నియమం మొదటి రోజే వ్రాతపూర్వకంగా ఉండాలి.

జంట సమస్య

గుర్రపు పందెం నుండి ఈ పద్ధతిని యథాతథంగా తీసుకోవడానికి వీలులేని ప్రధాన కారణం ఒకటి ఉన్నది. పీపాల పందెంలో గుర్రం ఒంటరిగా పరుగెత్తుతుంది. బండను లాగేది జత. నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు లాగినదన్న ఫలితం రెండు గిత్తలకు, తోలేవారి నేర్పుకు, మేపుకు, శిక్షణకు కలిపి చెందుతుంది. జతలోని గిత్తలు తరచుగా వేర్వేరు ఆబోతులకు పుట్టినవే. గెలుపు సొమ్మును చెరి సగం చేయడం పంపకానికి సరిపోవచ్చు గాని, ఏ ఆబోతు మేలైనదో తేల్చడానికి సరిపోదు.

దీనికి పరిష్కారం ఫలితాలను క్రమంగా నమోదు చేయడంలో ఉన్నది. ఒక గిత్త వేర్వేరు సందర్భాలలో వేర్వేరు జతగాళ్ళతో లాగిన దూరాలు లభిస్తే గణాంక పద్ధతిలో దాని సొంత భాగాన్ని అంచనా వేయవచ్చు. అదే పోటీలో, అదే పళ్ళ విభాగంలో పాల్గొన్న జతలతో మాత్రమే పోలిక చేయాలి. బండ బరువు, నేల స్వభావం, ఎండ ప్రతి పోటీకి మారుతాయి. విజేతల సంఖ్యను మాత్రమే చూడటం కూడా పొరపాటుకు దారితీస్తుంది. 400 మంది సంతానంలో 8 విజేతలున్న ఆబోతు కంటే 30 మందిలో 3 విజేతలున్న ఆబోతు నిష్పత్తిలో ముందున్నది. మొదటిది 2 శాతం, రెండవది 10 శాతం. సంతానం కొద్దిగా ఉన్నప్పుడు నిష్పత్తి కూడా నమ్మదగినది కాదు కనుక కనీస సంతాన సంఖ్యను నిర్దేశించాలి.

అంతఃప్రజనన ప్రమాదం

ప్రోత్సాహక నిధి విజయవంతమైన కొద్దీ రైతులందరూ ఒకటి రెండు ప్రసిద్ధ ఆబోతుల వెంట పడతారు. ఘనీకృత వీర్యం అందుబాటులో ఉన్నప్పుడు దీనికి హద్దు ఉండదు. తరానికి అంతఃప్రజనన పెరుగుదలను ఆబోతుల సంఖ్యకు 8 రెట్ల విలోమాన్ని, ఆవుల సంఖ్యకు 8 రెట్ల విలోమాన్ని కలిపి అంచనా వేస్తారు. 500 ఆవులకు 10 ఆబోతులు వాడితే ఈ పెరుగుదల సుమారు 1.28 శాతం, 25 ఆబోతులు వాడితే సుమారు 0.53 శాతం. తరానికి 1 శాతం మించరాదన్నది సంరక్షణలో సాధారణంగా పాటించే హద్దు. ఆవుల సంఖ్య ఎంత పెంచినా ఈ లెక్క పెద్దగా మారదు. నిర్ణాయకం ఆబోతుల సంఖ్యయే. కనుక ఒక్కొక్క ఆబోతుకు ఏటా నమోదయ్యే దూడల సంఖ్యకు పరిమితి విధించడం, పరిమితి దాటిన దూడలకు రుసుము పెంచడం అవసరం.

లాగుడు బలాన్నే లక్ష్యంగా ఉంచుకుంటే పాలు, సంతానోత్పత్తి వెనుకబడతాయి. తల్లి కనీస పాల దిగుబడి, ఈతల మధ్య వ్యవధి నమోదు అయిన ఆబోతులకే ప్రవేశం కల్పిస్తే ఈ లోపం తగ్గుతుంది. గుంటూరు లాం ఫారంలోని పశు పరిశోధన స్థానం, చదలవాడ, రామతీర్థం పశుక్షేత్రాలు, నెల్లూరు జిల్లా చింతలదేవిలోని జాతీయ కామధేను ప్రజనన కేంద్రం వద్ద ఉన్న మందలు ఇందుకు ఆధారం కాగలవు. ఒంగోలు కేంద్రంగా పనిచేసిన కేంద్ర పశు నమోదు పథకం అనుభవం, నేటి 12 అంకెల చెవి పోగు విధానం గుర్తింపు సమస్యను చాలా వరకు తీరుస్తాయి.

పశు సంక్షేమం – చట్టం

గుర్రపు పందేలలో చిన్న వయసు పోటీలకు పెద్ద బహుమతులు కేటాయించడం వలన ఎముకలు గట్టిపడక ముందే శిక్షణ ఇస్తున్నారన్న విమర్శ ఉన్నది. పాలపళ్ళ విభాగానికి ప్రోత్సాహకం ఇస్తే ఇక్కడ కూడా అదే జరుగుతుంది. నిధి సొమ్మును ఆరు పళ్ళు, ఆపై విభాగాలకు పరిమితం చేయడం గిత్త ఆరోగ్యానికి మేలు. దీర్ఘకాలం నిలిచే వంశాల ఎంపికకు కూడా అదే మార్గం. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960 అన్ని పోటీలకు వర్తిస్తుంది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టు, ఎడ్లబండ్ల పందేలపై ఇచ్చిన తీర్పు, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసిన సవరణ చట్టాలను సమర్థిస్తూ 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు విస్తరణ శాస్త్రవేత్తలు తప్పక తెలిసికొనదగినవి. చట్టబద్ధమైన అనుమతి, పశువైద్యుని పర్యవేక్షణ లేని పోటీని నిధి పరిధిలో చేర్చరాదు. కొరడా, ముల్లుకర్ర వాడిన జతను అనర్హం చేస్తే, ఆ నష్టం ఆబోతు యజమానికి కూడా తగులుతుంది కనుక నియమాన్ని కాపాడేవారి సంఖ్య పెరుగుతుంది.

ముగింపు

స్టాలియన్ ప్రోత్సాహక నిధి నేర్పే పాఠం పందెం గురించినది కాదు. విలువను సృష్టించిన ప్రతి చేతికీ వాటా చేర్చే ఏర్పాటు గురించినది. ఒంగోలు జాతి విషయంలో పోటీదారునికి గుర్తింపు ఇప్పటికే ఉన్నది. ఆవును మేపే రైతుకు లేదు. పితృత్వ నిర్ధారణ, జతల ఫలితాల నమోదు, ఆబోతు వాడకానికి పరిమితి, వయసు నియమం అనే నాలుగు షరతులు పాటించినప్పుడే ఈ నిధి జాతికి మేలు చేస్తుంది. అవి లేనప్పుడు అదే నిధి కొద్ది ఆబోతులకు గిరాకీ పెంచి, జాతి పునాదిని ఇరుకు చేస్తుంది. ఒకటి రెండు మండలాలలో, పరిమిత సంఖ్యలో ఆవులతో ఆరంభించి, తొలి సంతానం నోరు నిండే వరకు ఫలితాలను పరిశీలించిన తరువాతనే విస్తరణకు పూనుకోవడం సమంజసం.