ప్రోగ్రాము ఇంటికి వెళ్లే ముందు

గత నవంబరులో ఒక సాయంత్రం, లైఫ్ సర్టిఫికెట్ ఇంకా ఇవ్వని పెన్షనర్ల జాబితా కోసం శాఖలో వాడే చిన్న ప్రోగ్రాము నడిపాను. అది 212 పేర్లు అని చూపించి, ప్రింటింగ్ దగ్గర ఆగిపోయింది. ఏడు దాటింది. వాచ్‌మన్ రెండుసార్లు తొంగి చూశాడు. ఓపిక నశించి టాస్క్ మేనేజర్ తెరిచి ఎండ్ టాస్క్ నొక్కేశాను. ప్రింటర్‌లో కాగితాలు అయిపోయాయని నేను చూడలేదు. ఫైలు తయారై ఉంది కదా అని, మర్నాడు ఫోన్లు చేయమని దాన్నే కౌంటర్‌లో ఒకామెకి ఇచ్చాను.

మధ్యాహ్నం ఆవిడ వచ్చి, "సార్, చివరి పేరు సగమే ఉందండీ" అన్నారు. చూస్తే 170 పేర్లు పూర్తిగా ఉన్నాయి, 171వది మధ్యలో తెగిపోయింది. ఆ తర్వాతి 41 మందికి ఎవరం ఫోన్ చేసేవాళ్లం కాదు. గడువు దాటితే, సర్టిఫికెట్ అందేదాకా వాళ్ల పెన్షన్ ఆగిపోతుంది.

తెర మీద 212 కనిపించినా ఫైల్లో ఎందుకు లేవు? క్యాషియర్ ప్రతి డిపాజిట్‌కీ లేచి స్ట్రాంగ్ రూమ్‌కు వెళ్లరు. డబ్బు సొరుగులో పెట్టుకుంటూ, పేరుకున్నాక లోపలికి పంపుతారు. ప్రోగ్రాములూ అంతే. రాయాల్సింది మెమరీలో కొంత పోగుచేసి, నిండాక ఒక్కసారిగా డిస్కుకు పంపుతాయి. ఆ పోగుచేసే చోటును బఫర్ అంటారు. సగం నిండిన చివరి బఫర్ ఫైలు మూసేటప్పుడో, ప్రోగ్రాము సవ్యంగా ముగిసేటప్పుడో డిస్కుకు చేరుతుంది.

సవ్యంగా ముగియడమంటే మన సాయంత్రపు క్లోజింగ్ లాంటిదే. పొద్దున మొదట తెరిచేది స్ట్రాంగ్ రూమ్, తర్వాత క్యాష్ బాక్స్, ఆ తర్వాత కౌంటర్. సాయంత్రం ఈ వరుస తిరగబడుతుంది. సి భాషలో "ముగిసేటప్పుడు ఈ పని చెయ్యి" అని ముందే నమోదు చేయడానికి ఎట్‌ఎగ్జిట్ అనే సదుపాయం ఉంది. కనీసం 32 పనులు నమోదుకు వీలుండాలని ఆ భాష ప్రమాణం చెబుతుంది. చివర నమోదైంది మొదట జరుగుతుంది. ఆ తర్వాత బఫర్లు ఖాళీ అవుతాయి, ఫైళ్లు మూసుకుంటాయి. ప్రోగ్రాము ఒక అంకె చెప్పి సెలవు తీసుకుంటుంది. అది సున్నా అయితే పని విజయవంతమైనట్టు. సున్నా తెచ్చుకుంటే మెచ్చుకునే చోటు నాకు తెలిసి ఇదొక్కటే!

నేను చేసింది అది కాదు. లినక్స్‌లో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. 15వ నంబరు సిగ్నల్, సిగ్‌టర్మ్, "ఇక ముగించు" అనే కబురు. దాన్ని అందుకుని సర్దుకునేలా ప్రోగ్రామును రాయవచ్చు. 9వది, సిగ్‌కిల్, ప్రోగ్రాము చెవిన పడదు, దాన్ని ఆపడం దాని వల్ల కాదు. ఐటీ విభాగంలో కొందరు మిత్రులకు 9 కొట్టడం వేళ్లకు అలవాటైపోయింది. ఆ అలవాటు నాకు నచ్చదు.

బలవంతంగా ఆపినా కొంత శుభ్రం జరుగుతుంది. ప్రోగ్రాము వాడిన మెమరీని ఆపరేటింగ్ సిస్టమ్ వెనక్కి తీసుకుంటుంది, తెరిచిన ఫైళ్లను మూసేస్తుంది. కానీ బఫర్‌లో ఏముందో దానికి తెలియదు, మెమరీతోపాటే అదీ పోతుంది. తాత్కాలిక ఫైళ్లు మాత్రం పడి ఉంటాయి. జాబితా మళ్లీ తీయబోతే "ప్రోగ్రాము ఇప్పటికే నడుస్తోంది" అంటూ మొరాయించింది. ముందురోజు పెట్టుకున్న లాక్ ఫైలు తీసేవారు లేక అలాగే ఉండిపోయింది!

కంగారు పడకండి, మీ ఖాతాల్లో డబ్బుకు ఇలా జరగదు. డేటాబేస్ ప్రతి మార్పునూ ముందు లాగ్‌లో రాసి, అది డిస్కుకు చేరాకే లావాదేవీ పూర్తయిందని చెబుతుంది. మధ్యలో కరెంటు పోయినా, తిరిగి లేచాక ఆ లాగ్ చూసి పూర్తయినవి నిలబెడుతుంది, సగంలో ఆగినవి రద్దు చేస్తుంది. మా చిన్న ప్రోగ్రాము కూడా పేర్లు రాసిన వెంటనే ఫైలు మూసేసి, ఆ తర్వాత ప్రింటర్ జోలికి వెళ్లి ఉంటే నా తొందర వల్ల ఏ నష్టమూ ఉండేది కాదు. ఇప్పుడు అలాగే మార్పించాం.

ఆ రోజు లాక్ ఫైలు తీసేసి, ప్రింటర్‌లో కాగితాలు పెట్టి, జాబితా మళ్లీ తీశాం. మిగిలిన 42 ఫోన్లు నేనే చేశాను.