ఊపిరి బిగబట్టవద్దు

చదువవలసిన భాగములు: కీర్తనలు 32:1-5, 1 యోహాను 1:5-10
కంఠత వాక్యము: సామెతలు 28:13



సెలవులు వచ్చినవంటే మన పిల్లలు ఇప్పుడు అవ్వతాతల ఊరికి పోయి వచ్చుటతో తృప్తిపడుట లేదు. సముద్రములో మునిగి చేపలను చూడవలెనని అడుగుచున్నారు. స్కూబా డైవింగ్ అను ఆ విద్య నేర్చుకొనుటకు మేము కూడా ఒకసారి వెళ్లినాము. నీటిలో నేర్చుకొన్నది కొంచెమే. నీటిలో దిగకముందు ఒక కాగితము ఎదుట నేర్చుకొన్నది ఎక్కువ. మాకు సిగ్గు కలిగించు సంగతే అయినను, సంఘములకు మేలు కలుగునని వ్రాయుచున్నాము.

1. నీళ్లంటే భయపడిన వాళ్లము

మాది ఎమ్మిగనూరు. నేతకు పేరుపొందిన ఊరే గాని ఈతకు కాదు. హోసపేట దగ్గర తుంగభద్ర డ్యాములో బయలుదేరి, బళ్లారి జిల్లా దాటి వచ్చు ఎల్.ఎల్.సి. కాలువ మా వైపు పొలాలకు నీళ్లిచ్చును. "కాలువ గట్టుకు పోవద్దు" అను మాట వింటూ పెరిగినాము. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయము, కర్నూలు మునిగినప్పుడు ఆ భయము ఇంకా ముదిరినది.

అయినను మనము బాప్టిస్టులము. నీళ్లలో మునిగి లేచుట మనకు క్రొత్త కాదు. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతములో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో ఈత వచ్చినవారు ఎందరో! తమ్మును పట్టుకొన్న చేతిని నమ్మి మునిగినారు. మా అక్క కొడుకు కూడా మేము ప్రయాణమైన ముందటి యేడు కాలువలోనే బాప్తిస్మము తీసుకొన్నాడు. వానికి 19 ఏండ్లు. "మామా, ఈసారి సముద్రంలో మునుగుదాం పా" అని మమ్మును బయలుదేరదీసినవాడు వాడే.

2. కాగితము మీది ప్రశ్న

కర్ణాటకలో మురుడేశ్వర్ తీరమునకు సుమారు 19 కిలోమీటర్ల దూరాన సముద్రములో నేత్రాణి అను చిన్న దీవి ఉన్నది. దాని చుట్టు పగడపు దిబ్బలు, రంగురంగుల చేపలు ఉండును. వానకాలము పోయిన తరువాత అక్కడికి పడవలు నడచును. క్రిస్మసు సెలవులకు ఊరికి వచ్చినవారము అక్కడికి వెళ్లినాము.

ఈ విద్యలో రెండు మెట్లున్నవి. ఒకటి, ఒక్కనాటి పరిచయము. శిక్షకుడు వెంటనుండి 12 మీటర్ల లోతు మించకుండా చూపించి తెచ్చును. రెండవది, మూడు నాలుగు దినముల పూర్తి శిక్షణ. దానికి 10 ఏండ్లు నిండవలెను. 200 మీటర్లు ఈదవలెను, 10 నిమిషములు నీటిపై తేలియుండవలెను. అది ముగించినవారికి 18 మీటర్ల వరకు దిగుటకు సర్టిఫికెట్టు ఇత్తురు. మాకు ఈత అంతంత మాత్రమే గనుక మొదటి దానికే డబ్బు కట్టినాము.

డబ్బు కట్టిన తరువాత ఒక కాగితము ఇచ్చినారు. గుండె జబ్బు ఉన్నదా? చెవిలో బాధ ఉన్నదా? ఉబ్బసము ఉన్నదా? ఇట్లు ప్రశ్నలు. ఏ ఒక్కదానికి అవునని వ్రాసినను డాక్టరు చీటి లేకుండ దిగనియ్యరు.

మా మేనల్లునికి చిన్నప్పటి నుండి ఉబ్బసము. ఇప్పుడు తగ్గినది గాని, పత్తి కాలములో దుమ్ము రేగితే పీల్చే మందు జేబులో పెట్టుకొని తిరుగును. ఆ ప్రశ్న దగ్గర వాని కలము ఆగినది. అప్పుడు మేమన్న మాట ఇదే: "లేదని రాయిరా. అర్ధగంట పనికేమైతది? ఇంత దూరం వచ్చినాము, డబ్బు కూడా కట్టినాము."

వాడు మా ముఖము చూసి, "ఉన్నదాన్ని లేదని ఎట్ల రాసేది మామా?" అని, అవునని గుర్తు పెట్టినాడు. శిక్షకుడు చదివి, "నీవు ఈ రోజు దిగరాదు" అని మర్యాదగానే చెప్పినాడు. ఎన్ని నెలల నుండియో కలలు కన్న పిల్లవాడు పడవలో కూర్చుండి పోయినాడు. ఆదివార బడిలో పాఠము చెప్పే మేము మాత్రము దిగుటకు సిద్ధపడినాము.

3. మొదటి సూత్రము

దిగకముందు లోతు తక్కువైన నీటిలో పాఠము చెప్పినారు. సిలిండరులో ఉండునది వట్టి ఆక్సిజను అని మేమనుకొన్నాము. కాదు, మనము పీల్చే గాలినే బిగించి నింపుదురు. నోటిలో పెట్టుకొను రెగ్యులేటరు చుట్టునున్న నీటి ఒత్తిడికి సరిపోవునట్లు ఆ గాలిని అందించును. ఇట్టి సాధనమును 1943లో ఫ్రాన్సు దేశములో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ అను ఇద్దరు తయారుచేసిరి.

శిక్షకుడు అన్నిటికంటె ముందు చెప్పిన సూత్రము, "ఏమైనను ఊపిరి బిగబట్టవద్దు" అనునది. ఎందుకనగా సముద్రములో ప్రతి 10 మీటర్లకు ఒత్తిడి ఒక వాతావరణమంత పెరుగును. 10 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్న దానికి రెండింతలు. అక్కడ రొమ్ము నిండ పీల్చిన గాలి, పైకి వచ్చుసరికి రెండింతలు వ్యాపించును. ఊపిరి వదలుచు మెల్లగా వచ్చినవానికి ఏమియు కాదు. బిగబట్టి వచ్చినవాని ఊపిరితిత్తులు లోపలనే చిరుగును. దీనికి గొప్ప లోతు అక్కరలేదు. రెండు మీటర్ల నుండి వచ్చినను ప్రమాదమే.

అటు తరువాత ఆయన చెప్పిన మాట మమ్మును పొడిచినది. "ఉబ్బసము ఉన్నవారికి గాలి గొట్టములు బిగుసుకొనవచ్చును. అప్పుడు వారు ఊపిరి వదలుచున్నను, కొంత గాలి లోపల చిక్కుకొనిపోవును. అందుకే ఆ ప్రశ్న అడుగుచున్నాము." అక్కా బావా మా చేతికప్పగించిన బిడ్డను, కొద్ది డబ్బు కొరకు, మా సిగ్గు కొరకు, మేము దేనిలోనికి దించబోయినామో అప్పుడు తెలిసినది.

మేము దిగినాము. చేపలను చూసినాము. దేవుని చేతిపనులు నిజముగా అద్భుతములు. కాని పైకి వచ్చి పడవ పట్టుకొన్నప్పుడు, "మీ బుడగలు పైకి వస్తా ఉంటే చూస్తా కూర్చున్నా మామా, బాగున్నాయి" అని వాడు నవ్వినాడు. మాకు నవ్వు రాలేదు. ఆ రాత్రి వానిని పిలిచి క్షమించుమని అడిగినాము. ఊరికి వచ్చిన తరువాత ఛాతీ డాక్టరుకు చూపించగా, ఆయన ఊపిరి పరీక్ష చేసి, "ఇప్పటికి ఈ పని వద్దు" అనెను.

4. మనకు పాఠము

దావీదు తన పాపమును దాచి మౌనముగా నున్న కాలములో అతని యెముకలే క్షీణించినవని 32వ కీర్తనలో చదువుచున్నాము. ఒప్పుకొన్నప్పుడే అతనికి విడుదల కలిగెను. దాచినది ఉన్నచోట ఉన్నంతగానే ఉండదు. వెలుగు దగ్గరకు వచ్చు కొలది అది లోపల పెరిగి చీల్చును. ఒప్పుకొనుట ఊపిరి వదలుట వంటిది.

నీటి అడుగున మాటలు లేవు, చేతి గుర్తులే. బొటనవేలు పైకెత్తితే "బాగున్నాను" అని కాదు, "పైకి పోవలెను" అని అర్థము. బాగున్నానని చెప్పుటకు చూపుడువేలిని బొటనవేలితో కలిపి సున్న చుట్టవలెను. కష్టములో ఉండి ఆ సున్న చూపినవానికి ప్రక్కవాడు సహాయము చేయలేడు.

ఊరు విడిచి వచ్చి స్థిరపడిన మనము ఆ సున్నను ఎన్నిసార్లు చూపుచున్నాము! అప్పు మెడలోతు వచ్చినను, కొడుకు త్రాగుడుకు మరగినను, ఇంట్లో మాటలు లేకపోయినను, ఊరికి ఫోను చేసి "బాగున్నాము" అందుము. ఆరాధన ముగిసి తలుపు దగ్గర చేయి కలిపినప్పుడు కూడా "బాగున్నామండీ" అందుము. ఆ పిల్లవాడు సముద్రము పోగొట్టుకొనెను గాని ప్రాణమును, యథార్థతను కాపాడుకొనెను. పెద్దలమైన మనము పిల్లలకు అబద్ధము నేర్పకుండునట్లు జాగ్రత్తపడుదము. మన సంఘములు సత్యము చెప్పినవానిని సిగ్గుపరచక ప్రక్కన కూర్చుండబెట్టుకొను సంఘములై యుండవలెను.

చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. దావీదు మౌనముగా ఉన్నప్పుడు, ఒప్పుకొన్నప్పుడు అతని స్థితి ఎట్లుండెను? (కీర్తన 32:3-5)
2. పిల్లల ఎదుట మనము చెప్పే "చిన్న అబద్ధములు" ఏవి?
3. కష్టమును ఒప్పుకొన్న కుటుంబమును మన సంఘము ఎట్లు చూచుచున్నది?
4. ఈ వారము మీరు ఎవరి దగ్గర "ఊపిరి వదలవలసి" యున్నది?

ప్రభువు మనకు సత్యము పలుకు పెదవులను, ఒకరి భారము ఒకరు మోయు హృదయములను అనుగ్రహించును గాక. ఆమేన్.