4.25 బ్యాగు వాడితే పొర పాడవుతుందా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. నాలుగేళ్లుగా ఇంట్లోనే పొట్ట డయాలసిస్ చేస్తున్నాం. మొదట్లో 1.5 బ్యాగుతోనే నీరు బాగా దిగేది. ఇప్పుడు 2.5 పెట్టినా చాలడం లేదు, కాళ్లు వాస్తున్నాయి. 4.25 వేస్తే వాపు తగ్గుతోంది. కానీ దాంతో పొట్టలోని పొర పాడవుతుందని తోటి పేషెంట్లు భయపెడుతున్నారు. నిజమేనా?
- ఒక పాఠకురాలు, పలాస

జవాబు: కొంత నిజమే. బ్యాగు మీది అంకె అందులోని చక్కెర శాతం. ఒంట్లోని నీటిని పొట్టలోకి లాగేది ఆ చక్కెరే. గాఢమైన చక్కెర ఏళ్ల తరబడి తగిలితే పొర మందమవుతుంది, అందులో కొత్త రక్తనాళాలు పుడతాయి. అప్పుడు చక్కెర త్వరగా రక్తంలోకి ఇంకిపోతుంది, నీటిని లాగే బలం తగ్గుతుంది. దాంతో ఇంకా గాఢమైన బ్యాగు కావాల్సి వస్తుంది.

అయితే దిగే నీరు తగ్గిన ప్రతిసారీ తప్పు పొరది కాదు. మలబద్ధకం ఉన్నా, పొట్టలోని గొట్టం (క్యాథెటర్) పక్కకు జరిగినా ఇలాగే అవుతుంది. ముందు అవి చూపించండి. తర్వాత పొర పనితీరు చూసే 'పెట్' పరీక్ష చేయిస్తారు. రెండు లీటర్ల 4.25 ద్రవాన్ని నాలుగు గంటలుంచి తీసినా, పోసినదానికంటే 400 మి.లీ. కూడా అదనంగా రాకపోతే పొర బలహీనపడిందని అర్థం. పొర చక్కెరను త్వరగా పీల్చేస్తుంటే, ద్రవాన్ని తక్కువసేపు ఉంచి మార్చడం, ఎక్కువ గంటలుంచే బ్యాగుకు ఐకోడెక్స్‌ట్రిన్ అనే ద్రవం వాడటం మేలు. అది వాడేటప్పుడు కొన్ని గ్లూకోమీటర్లు షుగర్‌ను ఎక్కువగా చూపిస్తాయి. అమ్మకు షుగర్ ఉంటే ఏ మీటరు వాడాలో అడగండి.

ఇక ఇంట్లో చేయాల్సింది. ఉప్పు తగ్గితే దాహం తగ్గుతుంది, గాఢమైన బ్యాగు అవసరమూ తగ్గుతుంది. ఆవకాయ, అప్పడాలు, ఎండుచేపలు పక్కన పెట్టండి. మూత్రం ఇంకా వస్తుంటే దాన్ని కాపాడుకోవాలి. అంత నీటిని పొర ద్వారా లాగక్కర్లేదు కదా! అందుకే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోవద్దు. పొట్టలో ఇన్‌ఫెక్షన్ వచ్చిన ప్రతిసారీ పొర దెబ్బతింటుంది. అందుకే బ్యాగు మార్చేటప్పుడు చేతులు కడగడం, మాస్కు కట్టుకోవడం ఒక్కసారి కూడా మానొద్దు. దిగిన నీరు మసకగా ఉంటే ఆ బ్యాగు పట్టుకుని అదేరోజు ఆస్పత్రికి వెళ్లండి.

భయపడి 4.25 ఆపేయొద్దు. నీరు ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణానికే ముప్పు. రోజూ బరువు, బీపీ, ఏ బ్యాగు వేశారు, ఎంత దిగింది, మూత్రం ఎంత వచ్చింది రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించండి. బ్యాగు ఎప్పుడు తగ్గించవచ్చో ఆ లెక్కలే చెబుతాయి.