ఈమె ఎటు చూస్తోంది సార్?

దర్శిలో పిల్లలకు బొమ్మలు నేర్పి రిటైరయ్యాను. పికాసో ‘ఏడుస్తున్న స్త్రీ’ అచ్చు చూపిస్తే ఏ క్లాసైనా ముందు అడిగేది పై ప్రశ్నే. డ్రాయింగ్ మాస్టారుగా కొత్తగా చేరిన అబ్బాయ్, నీకు పనికొస్తాయని ఇవి రాస్తున్నా.

1. అందంగా లేదని పిల్లలంటే ఒప్పుకో. బాపు బొమ్మలకూ వడ్డాది పాపయ్య బొమ్మలకూ అలవాటుపడ్డ కళ్లు మనవి. అందం కోసం గీసిన బొమ్మ కాదిది.

2. మొహం కంటే ముందు కప్పు చూపించు. క్యూబిస్టు చిత్రకారుడు జాఁ మెట్సింజే 1911లో గీసిన ‘టీ వేళ’ ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉంది. చెంచా పట్టుకున్న స్త్రీ, ఆమె ముందు కప్పు. ఆ కప్పు సగం పక్కనుంచి చూసినట్టు, సగం పైనుంచి చూసినట్టు ఉంటుంది. రెండో తరగతి పిల్ల బిందె గీసినా అంతే: మూతి గుండ్రంగా, అడుగు తిన్నగా. తనకు తెలిసిందంతా గీస్తుంది. మనమేమో రబ్బరు పట్టుకుని దిద్దుతాం! మెట్సింజే కావాలని చేశాడు, అదే తేడా. ఇది పట్టుబడితే పక్కకు తిరిగిన మొహంలో రెండు కళ్లూ ఎందుకున్నాయో పిల్లలే చెబుతారు.

3. విదేశీ వింత అనుకోనివ్వకు. అమరావతి స్తూపం మీది నలగిరి ఏనుగు ఫలకం ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఒకే గుండ్రటి చట్రంలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది: ఒకచోట మదమెక్కి జనం మీద పడుతూ, ఆ పక్కనే బుద్ధుడి ముందు మోకరిల్లి. మన శిల్పి రెండు క్షణాల్ని కలిపాడు, క్యూబిస్టులు రెండు చూపుల్ని కలిపారు. అలాగని అంతా మన దగ్గరే పుట్టిందని మాత్రం చెప్పకు.

4. తేదీ చెప్పు. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా ఊరి మీద బాంబులు పడ్డాయి. ఆ పేరుతోనే పికాసో గీసిన పెద్ద చిత్రంలో నలుపు, తెలుపు, బూడిద రంగులే. అదే ఏడాది అక్టోబరులో గీసిన ఈ స్త్రీకి మాత్రం ఎర్ర టోపీ, దానిమీద నీలం పువ్వు, పసుపూ ఆకుపచ్చా కలిసిన మొహం. నోటి దగ్గరికొచ్చేసరికి రుమాలు, వేళ్లు, పళ్లు అన్నీ పగిలిన గాజు పెంకులైపోయాయి. నన్నడిగితే, ఏడుపంతా కళ్లలో కాదు, అక్కడుంది.

5. డోరా మార్‌ను ‘పికాసో ప్రియురాలు’ అని పరిచయం చేయకు. క్లాసంతా గుసగుసలతో గడిచిపోతుంది. ఆమె ఫోటోగ్రాఫర్. ‘గెర్నికా’ తయారవుతున్న దశలన్నీ ఫోటోలు తీసింది. ఈ బొమ్మకు మూలం ఆమేనంటారు. కానీ పికాసో గీసిన ఏ బొమ్మలోనూ ఉన్నది తాను కాదని ఆమే అంది. కాబట్టి ఇందులో ఆమె గుణగణాలు వెతకొద్దు.

6. చివరగా పిల్లల చేతే గీయించు. మిరప కల్లాల రోజుల్లో నలుగురు పిల్లల్ని తీసుకెళ్లు. తొడిమలు తీసే అమ్మనొకరిని అడిగి, ఆమెకు నాలుగు వైపులా కూర్చోబెట్టి గీయించు. తర్వాత ఆ కాగితాలు కత్తిరించి ఒకే అట్ట మీద అతికించమను. ఏ కన్ను ఉంచాలి, ఏ చెవి తీసేయాలి అని పోట్లాడుకుంటారు. నువ్వు కల్పించుకోకు. చేతుల దగ్గర మాత్రం పేచీ రాదు. ఎన్నుంటే అన్నీ అతికించేస్తారు, ఆ చేతులు ఆడే వేగం చూశారు గనుక. గోడకు తగిలించేముందు ఆమెకు చూపించు.