రోహిణి కార్తె లోపు మక్క చొప్ప లెక్క

సదాశివనగర్ మండలంలో దుక్కులకు ముందు చెల్కల్లో మిగిలిన మక్క చొప్పకు, కొయ్యకాళ్లకు అగ్గి పెట్టే రోజులివి. ఈ ఏడు ఆ పని చేయొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. అగ్గి పెడితే మట్టికి చేరాల్సిన కర్బనం పొగైపోతుంది. దాని విలువెంతో లెక్క చూడండి.

ఎకరంలో పై ఆరు అంగుళాల మట్టి సుమారు 900 టన్నులు తూగుతుంది. అందులో సేంద్రియ కర్బనం 0.5 శాతానికి తగ్గితే ఆ నేల బలహీనపడినట్టే. 0.1 శాతం పెంచాలన్నా 9 క్వింటాళ్ల కర్బనం మట్టిలో నిలవాలి. రెండు టన్నుల ఎండు చొప్పలో దాదాపు 8 క్వింటాళ్లు ఉంటుంది గానీ, కుళ్లేటప్పుడు చాలావరకు గాలిలో కలిసి, చివరికి నిలిచేది క్వింటా అటూ ఇటూ. అంటే ఏటా కలిపినా ఎనిమిది, తొమ్మిదేళ్ల ఓపిక కావాలి. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో 1976లో మొదలైన నల్లరేగడి ప్రయోగంలోనూ పాత పద్ధతి కన్నా అదనంగా చేరింది ఏటా హెక్టారుకు 330 కిలోలే, ఎకరానికి 130 చిల్లర. అయినా అక్కడ హెక్టారుకు దిగుబడి పాత పద్ధతిలో 1.1 టన్నులైతే, మెరుగైన పద్ధతిలో 5.1 టన్నులు. మేలు విత్తనం, ఎరువులు, వాననీటిని ఒడిసిపట్టడం తోడయ్యాయి కాబట్టి అదంతా కర్బనం ఘనతే అనను. కానీ వాన మొఖం చాటేసిన నాలుగో రోజుకే పైరు వాడే మన ఎర్ర చెల్కకు తేమ పట్టి ఉంచేది అదే.

మొదటి వాన పడగానే చొప్పను రోటవేటర్‌తో ముక్కలు చేసి కలపండి. వెంటనే విత్తొద్దు. కుళ్లే చొప్ప మట్టిలోని నత్రజనిని లాగేసుకోవడంతో మొలకలు పసుపెక్కుతాయి. మూడు, నాలుగు వారాల ఎడం ఉండాలి. అంత గడువు లేకపోతే కలపకుండా సాళ్ల మధ్య పరిచినా చాలు.

పెంట సంగతి మరీ బాధ. ట్రాక్టర్లతో తోలి, చిన్న చిన్న కుప్పలుగా నెలల తరబడి ఎండలో వదిలేస్తున్నాం. నత్రజని ఆవిరైపోయి మిగిలేది సగం బలమే. తోలిన రోజే చల్లి, ఆ పూటే దున్నండి. గొర్రెల మంద దొరికితే వదులుకోవద్దు.

మృగశిర వానలకు గెట్లపై మూరకొకటి చొప్పున గిరిపుష్పం కొమ్మలు నాటండి. రెండో ఏటి నుంచి ఆకు కోసి చేలో వేసుకోవచ్చు.

పెంట చల్లకముందే ఎనిమిది, పది చోట్ల మట్టి తీసి పరీక్షకు పంపండి. సేంద్రియ కర్బనం అంకెను గోడ మీద రాసుకుని, మూడేళ్లకోసారి అదే చేలో, అదే నెలలో మళ్లీ తీయండి.