నొప్పి వేరు, అడ్డంకి వేరు

కాకినాడ

చి. ల. సౌ. అమ్ములుకు, పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

పేగు ఆపరేషన్ కుట్లు విప్పారని, రెండు పూటలా మెత్తటి అన్నం తింటున్నావని మీ అమ్మ చెప్పగానే ప్రాణం కుదుటపడింది. కానీ రాత్రి నువ్వు ఫోన్‌లో అడిగిన మాటలకి నిద్ర పట్టలేదు. “పేగులు మళ్ళీ అతుక్కుంటాయా పెద్దమ్మా? ఎడమవైపు ఇంకా లాగుతూనే ఉంది. ఇంకోసారి, కెమెరాతో ఆపరేషన్ చేయించుకుంటే పోతుందా? కొత్త వైద్యాలేవో వచ్చాయట” అన్నావు. ముప్పై ఏళ్ళు సర్జికల్ వార్డులో నర్సుగా చేసినదాన్ని. తెలిసింది దాచకుండా రాస్తున్నాను, నిదానంగా చదువుకో.

పేగుల్ని కప్పి ఉంచే పొర తడిగా, నున్నగా ఉంటుంది. దానికి కత్తి తగిలినా, చెయ్యి రాసుకున్నా, గాలికి ఆరినా గాయమవుతుంది. గాయం మీద ఫైబ్రిన్ అనే జిగురు ఊరుతుంది. మామూలుగా అది కొద్దిరోజుల్లో కరిగిపోతుంది. కరగని చోట పక్కనున్న పేగునో, కడుపు గోడనో పట్టుకుని, వారం తిరిగేసరికి నారలా గట్టిపడుతుంది. కడుపు తెరిచి చేసిన ఆపరేషన్ తర్వాత ఎంతో కొంత అతుకు పడేవాళ్ళు పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఉంటారు. ఎక్కువమందికి అది ఉన్నట్టే తెలియదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి అరవై కాన్పులు సిజేరియన్లే. ఆ తల్లులందరిలో నీలా పేగు బిగుసుకునేది చాలా కొద్దిమందికే. ఇందులో నీ తప్పు లేదు, నీ ఒంటి తప్పూ లేదు. ఒళ్ళు గాయం మాన్పుకునే తీరే అంత.

అతుకులు మళ్ళీ పడవని ఏ డాక్టరూ మాట ఇవ్వలేడు. అందుకే నువ్వు నేర్చుకోవాల్సింది ఒకటుంది: నొప్పిని, పేగులో అడ్డంకిని విడదీసి చూడటం.

అడ్డంకి ఎలా ఉంటుందో నా ఒంటి మీదే తెలుసుకున్నాను. గర్భసంచి ఆపరేషన్ అయిన రెండో ఏడు ఒక సాయంత్రం కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి పోతుంటే, పైత్యమని అల్లం రసం తాగి పడుకున్నాను. పచ్చటి వాంతులయ్యాయి, కడుపు ఉబ్బింది, గ్యాస్ కూడా పోలేదు. అయినా తెల్లవారేదాకా ఆగాను. వార్డులో ఎంతోమందిని చూసిన నేనే ఒక రాత్రంతా పోగొట్టుకున్నాను. అదృష్టం కొద్దీ పేగు చెడలేదు. ముక్కులోంచి గొట్టం వేసి, నోటికేమీ ఇవ్వకుండా సెలైన్ మీద ఉంచారు. మూడోరోజు గ్యాస్ పోయింది, కోత లేకుండానే బయటపడ్డాను. ఇప్పుడు అలాంటి వాళ్ళకి గాస్ట్రోగ్రాఫిన్ అనే మందు ఆ గొట్టంలోంచే పోసి ఎక్స్‌రే తీస్తున్నారు. ఒక రోజులోగా అది పెద్దపేగుకి చేరితే చాలావరకు ఆపరేషన్ తప్పుతుంది. ఎడతెగని నొప్పి, జ్వరం, నాడి వేగం ఉంటే మాత్రం వెంటనే తెరుస్తారు. నీకు తెరవక తప్పలేదు. ఆ కోతే నీ పేగును దక్కించింది.

ఎడమవైపు లాగడం మాత్రం వేరే సంగతి. ఆపరేషన్ అయిన మూడు వారాలకి కండరాలు, పొరలు ఇంకా మానుతూనే ఉంటాయి. ఒకవేళ ఆ లాగుడు నెలల తరబడి నిలిచినా, దానికోసమే మళ్ళీ కోయించుకోవడానికి తొందరపడకు. నెదర్లాండ్స్‌లో డాక్టర్లు, అతుకులుండి కడుపునొప్పితో చాలాకాలంగా బాధపడుతున్న 100 మందిని తీసుకున్నారు. సుమారు సగం మందికి అతుకులు విడదీశారు, మిగతావాళ్ళకి కెమెరాతో చూసి వదిలేశారు. ఎవరికేం చేశారో వాళ్ళకి చెప్పలేదు. ఏడాది తర్వాత చూస్తే రెండు జట్లకీ నొప్పి ఒకేలా తగ్గింది. ఆ ఫలితాలు 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. పన్నెండేళ్ళకి మళ్ళీ ఆరా తీసినా, విడదీయించుకున్నవాళ్ళకి అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు. పైగా ప్రతి కోతా కొత్త గాయమే, ప్రతి గాయమూ కొత్త అతుకుకి చోటే.

ఇక కొత్త వైద్యాలు. హైలురోనేట్‌తో చేసిన పల్చటి పొర ఒకటుంది. అమెరికాలో 1996లోనే అనుమతి వచ్చింది. ఆపరేషన్ ముగించేముందు గాయం మీద పరుస్తారు, మానేదాకా అడ్డుగా ఉండి కరిగిపోతుంది. ఐకోడెక్స్‌ట్రిన్ ద్రవం కూడా అదే పనికే. ఇవి కొత్త అతుకుల్ని తగ్గించగలవు, ఉన్నవాటిని కరిగించలేవు. కాబట్టి నీకు ఇవాళ పనికిరావు. ముందుముందు కడుపు తెరవాల్సి వస్తే అప్పుడు అడగాల్సిన మాట ఇది. పేగులు కదులుతుండగా తీసే ఎమ్మారై కొన్నిచోట్ల ఉంది. ఎక్కడ పట్టుకుందో చూపించగలదు గానీ అది పరీక్షే, వైద్యం కాదు. చేతులతో కడుపును కదిలించే ఫిజియోథెరపీ మీద వచ్చినవి చిన్న చిన్న అధ్యయనాలే. గాయం పూర్తిగా మానాక, మీ సర్జన్ సరేనంటేనే ఆలోచించు. ఊళ్ళో ఎవరో చెప్పారని నూనె రాసి కడుపు తోమించుకోవద్దు. ఎవరు ఏ వైద్యం చెప్పినా మూడు అడుగు: ఇది నొప్పికా, అడ్డంకికా? మనుషుల మీద పోల్చి చూశారా? చెడితే ఏమవుతుంది?

ఇప్పుడు ఇంట్లో పాటించాల్సినవి. రోజూ నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా నడువు. దగ్గొస్తే దిండు కడుపుకి ఆనించుకో. డాక్టరు సరేననేదాకా బాబుని ఎత్తుకోకు, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకో. ఒక్కసారే నిండా తినకుండా ఐదారుసార్లు తిను, బాగా నములు. తేగలు, పనస, ములక్కాడ పిప్పి, కమలా తొనల పొర కొన్నాళ్ళు వద్దు. నమలని పీచు ఇరుకైన చోట ఉండకట్టి అడ్డుపడగలదు. విరేచనాల మాత్ర నీ అంతట నువ్వు వేసుకోకు.

ఆసుపత్రిలో ఆపరేషన్ నోట్సు నకలు అడిగి తీసుకో. ఎక్కడ అతుక్కుంది, పేగు ఏమైనా తీశారా, పొర ఏదైనా పరిచారా అన్నది అందులో ఉంటుంది. ఆ ఫైలు ఎక్కడుందో అల్లుడికి కూడా తెలియాలి. మెలిపెట్టే నొప్పి, వాంతులు, ఉబ్బిన కడుపు, గ్యాస్ పోకపోవడం, ఇవి కలిసి వస్తే అర్ధరాత్రైనా 108కి ఫోన్ చెయ్యి. నాలా తెల్లవారేదాకా ఆగకు.

మిగతా రోజుల్లో లాగినప్పుడల్లా గుండెలో రాయి పడ్డట్టు అయిపోకు. తిన్నది నిలిచిందా, గ్యాస్ పోయిందా అని చూసుకో. రెండూ సరిగ్గా ఉంటే చెప్పులేసుకుని వీధి చివరిదాకా నడిచి రా. వచ్చాక నాకు ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ