సాకెట్ ఒకటే, బయోస్ సంగతేమిటి?

ప్రశ్న: బి650 మదర్‌బోర్డు, రైజెన్ 7 9700ఎక్స్ కొన్నాను. రెండూ ఏఎం5 సాకెట్‌వే. అయినా బయోస్ అప్‌డేట్ కావాలా?

జవాబు: సాకెట్ కలిస్తే సరిపోదండీ. బి650 బోర్డులు 2022లో వచ్చాయి, మీ ప్రాసెసర్ 2024 ఆగస్టులో. పాత స్టాకు బోర్డయితే దాన్ని గుర్తించకపోవచ్చు. తయారీదారు సైట్‌లో మీ మోడల్ సీపీయూ సపోర్ట్ పట్టిక చూడండి; 9700ఎక్స్ ఎదురుగా కనీస బయోస్ వెర్షన్ ఉంటుంది. పెట్టె మీదో, బోర్డు మీదో స్టిక్కర్‌పై అంతకన్నా పాత వెర్షన్ ఉంటే అప్‌డేట్ తప్పదు.

  

బోర్డు వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే ప్రాసెసర్ పెట్టకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేయొచ్చు. మధ్యలో కరెంటు పోకూడదు, యూపీఎస్ తప్పనిసరి. బటన్ లేకపోతే షాపువాళ్లతోనే చేయించుకోండి.